లక్ష్మీరాజం ఫ్యాను

మొన్నటిదాకా గురువారం సాయంత్రం మా క్లబ్బు మెట్లు ఎక్కుతుంటే మనుషుల మాటలకంటే ముందు ఫ్యాను వినబడేది. కిర్రు, కిర్రు, కిర్రు. హాల్లో ఫ్యాన్లు మూడున్నా చప్పుడు చేసేది నడిమిది ఒక్కటే. దాన్ని అందరూ లక్ష్మీరాజం ఫ్యాను అంటారు. లక్ష్మీరాజం పోయి ఏడాది కావస్తోంది. ఆయన ఫ్యాను మాత్రం తిరుగుతోంది.

మాది చేయూత సేవా క్లబ్బు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక ఎరువుల దుకాణం మీద, మొదటి అంతస్తులో ఉంది. వారం వారం ఆరున్నరకు మీటింగు. దుకాణాలవాళ్లు, టీచర్లు, ఇద్దరు డాక్టర్లు, ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు, అందరూ కలిపి పాతిక మంది దాకా వస్తారు. అధ్యక్షుడు చక్రధర్ సారు చిన్న ఇత్తడి గంట కొట్టగానే మొదలవుతుంది. పోయిన వారం ఏ ఊళ్లో కళ్ల క్యాంపు పెట్టాం, ఏ బడికి నోటుబుక్కులు ఇచ్చాం, రక్తం ఎవరిచ్చారు, అన్నీ చదువుతారు. పుట్టినరోజు ఉన్నవాళ్లకు లడ్డూ పెడతారు. ఆ వారం ఎవరైనా చనిపోయి కళ్లు ఇచ్చి ఉంటే, వాళ్ల ఫొటో బల్ల మీద పెట్టి చివర్లో నిమిషం మౌనం పాటిస్తారు. ఆ నిమిషం ఫ్యాన్లు బంద్ చేయడం మా క్లబ్బు పద్ధతి. చప్పుడు ఉండకూడదని.

బంద్ చేసేది లక్ష్మీరాజం భార్య యాదవ్వ.

నా పేరు స్వామిదాసు. మా ఊరు రామారెడ్డి. క్లబ్బు వ్యాను నడుపుతాను. మెంబర్ని కాను కాబట్టి తలుపు పక్కన నిలబడతాను. స్విచ్‌బోర్డు అక్కడే, యాదవ్వ స్టూలూ అక్కడే. మౌనం అనగానే అందరూ కళ్లు మూసుకుంటారు. యాదవ్వ మూసుకునేది కాదు. తలెత్తి నడిమి ఫ్యానును చూసేది. రెక్కలు నెమ్మదిగా తిరిగి, తిరిగి, ఆగిపోయేదాకా చూసేది. ఎందుకట్లా చూసేదో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. తెలిసీ ఏడాది పాటు నోరు విప్పలేదు.

యాదవ్వ పుట్టింది ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లెలో. బడికి పోయింది రెండో తరగతి దాకానే. తొమ్మిదేళ్లకే వాళ్లమ్మ చాట ఒళ్లో పెట్టి బీడీలు చుట్టడం నేర్పింది. పెళ్లయి కామారెడ్డికి వచ్చాక కూడా అదే పని. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా చాట దించేది కాదు. రోజుకు వెయ్యి బీడీలు. ఆమె వేళ్లు ఇప్పటికీ ఊరికే ఉండవు. మీటింగులో లడ్డూ చుట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా సన్నగా బీడీలా చుట్టేస్తుంది, తనకు తెలియకుండానే.

లక్ష్మీరాజం గంజ్‌లో, అంటే బెల్లం మార్కెట్టులో, హమాలీ. బెల్లం బస్తాలు మోసేవాడు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమటతో మధ్యాహ్నం ఇంటికి వచ్చేవాడు. వచ్చీ రాగానే ఫ్యాను వేసేవాడు. వేయగానే యాదవ్వ అరిచేది. ఎందుకంటే బీడీలు చుట్టే ఇంట్లో ఫ్యాను తిరగకూడదు. తంబాకు పొడి చాటలోంచి లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. కళ్లల్లో పడుతుంది. తంబాకు తూకం తగ్గితే కార్ఖానావాళ్లు ఊరుకోరు.

ముప్ఫై ఏళ్లు ఆ ఇంట్లో జరిగిన కొట్లాట అదొక్కటే. ఆమెను వ్యానులో దించడానికి పోయినప్పుడు నేనే ఎన్నోసార్లు చెవులారా విన్నాను.

"ఒక్క పది నిమిషాలే! పానం పోతున్నది."

"పోతే పోనియ్యి. తంబాకు లేస్తున్నది, బంద్ చెయ్యి."

"గీ ఫ్యాను కొన్నది దేనికే మరి? సూసుకుంట కూసునెతందుకా?"

"చుట్టాలొస్తే ఎయ్యనీకి."

"నేను సచ్చిన నాడు చుట్టాలొస్తరు గదా. గప్పుడన్న ఎయ్యి. సల్లగ పండుకుంట."

"ఏస్త తియ్యి. ఐదు మీద పెడ్త."

ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆయన గోడకు ఆనుకుని తువ్వాలుతో విసురుకుంటూ కూర్చునేవాడు.

యాదవ్వ క్లబ్బుకు రావడం వాళ్లమ్మ వల్ల జరిగింది. ఎల్లారెడ్డిలో మేం పెట్టిన క్యాంపులో ఆ ముసలమ్మకు కంటిపొర తీశారు. పట్టీ విప్పిన నాడు ఆమె బిడ్డ ముఖం పట్టుకుని, "ఓసి, నీకు గింత తెల్లవెంట్రుకలెప్పుడు వచ్చినయే?" అని ఏడ్చింది. ఆ వారం యాదవ్వ మా హాలుకు వచ్చి, ఎవరూ అడగకముందే చీపురు తీసుకుని ఊడ్చింది. మళ్లీ వారం కూడా వచ్చింది. తర్వాత తాళం చెవి ఆమె దగ్గరే ఉండిపోయింది.

కళ్లదానం పనికి ఆమెను మించిన మనిషి మాకు దొరకలేదు. చావు ఇంటికి పోయి కళ్లు అడగడం మాటలు కాదు. మా సార్లు పోతే వాకిట్లో నిలబడి గొంతు సవరించుకోవడంతోనే సరిపోయేది. యాదవ్వ మాత్రం లోపలికి పోయి, పోయినవాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని, ముందు ఇంటివాళ్లతో కలిసి ఏడ్చేది. నిజంగానే ఏడ్చేది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని అడిగేది.

ఒకసారి ఒక పెద్దాయన అడ్డం తిరిగాడు. "కండ్లు ఇస్తే వచ్చే జన్మల గుడ్డోడై పుడ్తడంటరు."

"గట్లయితే పండ్లూడి పోయినోడు పండ్లు లేకుంట పుడ్తడానే, బాపు?"

"అందరు పండ్లు లేకుంటనే పుడ్తరు గదనే!"

శవం పక్కన కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. యాదవ్వ కూడా నవ్వింది. నవ్వాక ఆ పెద్దాయనే సంతకం పెట్టాడు.

ఆమె ఇంట్లోకి అడుగుపెడుతూనే అనే మొదటి మాట ఒకటుంది. "ఫ్యాను బంద్ చెయ్యుండ్రి." కూర్చోకముందే అంటుంది. గాలికి కంటి మీది పొర ఆరిపోతుంది. ఆరిపోతే ఆ కన్ను ఇంకొకరికి పెట్టడానికి పనికిరాదు. రెప్పలు మూయాలి, మీద తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టాలి, ఫ్యాను బంద్ చేయాలి. ఆరు గంటల్లోపు కంటి బ్యాంకు వాళ్లు వచ్చి తీసుకోవాలి. ఈ నాలుగు మాటలు ఆమె నోట నేను వంద ఇళ్లల్లో విన్నాను.

లక్ష్మీరాజం కూడా ఒక గురువారం మా హాల్లోనే కళ్లు ఇస్తానని కాగితం మీద వేలిముద్ర వేశాడు. "నా కండ్లు పెట్టుకున్నోనికి పొద్దుందాక బెల్లం బస్తాలే కనవడ్తయి సారూ," అన్నాడు. చక్రధర్ సారు గంట కొట్టడం మరిచి నవ్వారు.

పోయిన ఏడాది మే నెలలో, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, బస్తాలు దించి ఇంటికి వచ్చిన లక్ష్మీరాజం గోడకు ఆనుకుని కూర్చున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడు. పక్కింటివాళ్లు డాక్టర్ని పిలిచారు. డాక్టరు చెయ్యి పట్టి చూసి తల ఊపి వెళ్లాడు. అప్పుడు రెండు గంటలు. క్లబ్బుకు ఫోను యాదవ్వే చేసింది.  "తమ్మీ, నీ బావ పోయిండు. కంటి బ్యాంకోళ్లకు చెప్పు."

నిజామాబాద్ నుంచి కంటి బ్యాంకు అమ్మాయి నిహారిక బయలుదేరి వచ్చేసరికి ఐదు దాటింది. ఆమెను నేనే బస్టాండు నుంచి తీసుకుపోయాను. వ్యాను గల్లీలో ఆపాను. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ముందు నేను వంగి గడప దాటాను. దాటగానే ముఖానికి గాలి తగిలింది.

తల పైకెత్తాను. ఫ్యాను తిరుగుతోంది. అంటే అప్పుడే బంద్ చేసిన ఫ్యాను ఎట్లా తిరుగుతుందో అట్లా. రెక్క, రెక్క, రెక్క... విడివిడిగా కనబడుతూ ఆగుతోంది. తల దించితే యాదవ్వ స్విచ్చు దగ్గర నిలబడి ఉంది. చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. నన్ను చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. లక్ష్మీరాజం రెప్పల మీద పెట్టిన దూది ఒకటి ఎండి, ఎగిరి, దిండు మీద పడి ఉంది. ఒక రెప్ప కొద్దిగా తెరుచుకుని ఉంది.

నిహారిక తన పని చేసుకుంది. బయటికి వచ్చి పెట్టె వ్యానులో పెడుతూ నాతో మెల్లగా అంది. "అన్నా, పైపొర బాగ ఆరింది. అయినా తీస్కపోతున్న. అక్కడ డాక్టర్లు చూసి చెప్తరు."

నేను సరే అన్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి గురువారం లక్ష్మీరాజం ఫొటో బల్ల మీదికి వచ్చింది. చక్రధర్ సారు లేచి, ఎప్పుడూ అన్నట్టే అన్నారు. "లక్ష్మీరాజం మన మధ్య లేకున్నా, ఆయన కండ్లతోని ఇయ్యాల ఇద్దరు ఈ లోకాన్ని చూస్తున్నరు." మా క్లబ్బులో అదొక అలవాటు. కళ్లు రెండు కాబట్టి ఇద్దరు అంటాం. కంటి బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చేదాకా ఎవరూ ఆగరు. ఆ ఉత్తరం ఎప్పుడో నెలకు ఇంగ్లీషులో వస్తుంది, ఫైల్లోకి పోతుంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు కూడా.

యాదవ్వకు శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె చేతులు జోడించి నిలబడింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

నెల తర్వాత హాల్లో నడిమి ఫ్యాను కాలిపోయింది. యాదవ్వ తన ఇంటి ఫ్యాను ఇస్తానంది. "మా ఇంట్ల ఎట్లయినా తిరుగది గద సారూ," అంది. నేనే పోయి విప్పుకొచ్చాను. స్టూలెక్కి బోల్టు తిప్పుతుంటే ఆమె బయట వాకిట్లో నిలబడింది, లోపలికి రాలేదు. రెక్కల మీద తంబాకు పొడి, నూనె జిగురుతో కలిసి మందంగా పట్టి ఉంది. ఎంత తుడిచినా వాసన పోలేదు. హాల్లో బిగించి వేస్తే కిర్రుమంది. నూనె వేశాను, మళ్లీ కిర్రుమంది. వాళ్ల ఇంట్లో ఎప్పుడూ అట్లా అనలేదు.

అప్పటి నుంచి యాదవ్వ తీరు మారింది. పని అట్లాగే చేసేది. కానీ ఏ ఊరికి పోయినా మనుషుల కళ్లల్లోకి చూసేది. ఎల్లారెడ్డి బస్టాండులో, లింగంపేటలో చాయ్ తాగే దగ్గర, క్యాంపుల్లో వరుసలో నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరిని చూసేది. ఎవరైనా ఆమెను కొంచెం ఎక్కువసేపు చూస్తే కొంగు సర్దుకుని నా దగ్గరికి వచ్చేది.

"తమ్మీ, గా నల్ల రుమాలాయన నన్ను ఎర్కవట్టినట్టు చూస్తున్నడు."

"ఊకె చూస్తున్నడక్కా."

"కన్ను ఎర్రగున్నది. ఆపరేషన్ అయినట్టున్నది."

"ఎండకు అక్కా."

ఒకరోజు వ్యానులో, మిట్టమధ్యాహ్నం, నేను అడగకుండానే మొదలుపెట్టింది. "ఇంట్ల ఫ్యాను లేదు గదా. అయినా పగటీలి బీడీలు చుడుతుంటె చాటల తంబాకు లేస్తది, తమ్మీ. తలుపు ఏసే ఉంటది, కిటికీ ఏసే ఉంటది. ఉత్తగనే లేస్తది. గోడకు ఆయన ఆనుకునే జాగ ఉన్నది సూడు, చెమటకు నల్లగైన జాగ. గాడ కూసుండి చూస్తున్నట్టె ఉంటది. చూస్తున్నట్టనుకుంట, మల్ల అనుకుంట, ఎట్ల చూస్తడు, కండ్లు ఇచ్చేసినం గదా అని."

నేను గేరు మార్చాను. 

"కండ్లు ఆయన తాన లెవ్వు. మరి ఇంకొకల తానన్న ఉన్నయా? ఎవల తాన లేకపోతె యాడ ఉన్నట్టు?"

అంతే అడిగింది.  మా చర్చిలో ఆదివారం ప్రార్థన చేసేటప్పుడు కూడా కళ్లు మూసుకుంటే ఆ మూడు రెక్కలే కనబడేవి. ఆగబోతూ, ఆగకుండా.

ఈ ఏడాది ఏప్రిల్‌లో ఒక పొద్దున ఎల్లారెడ్డి నుంచి ఫోను వచ్చింది. చిన్నవ్వ అనే పెద్దావిడ పోయింది. ఆమె కోడలు ప్రమోద మా క్యాంపుల్లో పనిచేసిన మనిషి. అత్త కళ్లు ఇస్తామంది. కొడుకు మార్కండేయ, దర్జీ, కూడా సరేనన్నాడట. నేను, యాదవ్వ బయలుదేరాం. నిజామాబాద్ నుంచి నిహారిక వేరే బండిలో వస్తోంది.

మేం పోయేసరికి పదకొండు. ఇంట్లో జనం. చిన్నవ్వను నడింట్లో పడుకోబెట్టారు. తల దగ్గర స్టూలు వేసి, దాని మీద పెద్ద టేబుల్ ఫ్యాను పెట్టారు. గాలికి ముసలమ్మ తెల్లవెంట్రుకలు కదులుతున్నాయి. మొదటి చూపుకు బతికున్నట్టే ఉంది.

యాదవ్వ గడపలో ఆగింది. ఎప్పుడూ అనే మాట అనలేదు.  నేనే అన్నాను. "ఫ్యాను బంద్ చెయ్యాలె, కండ్లు ఆరిపోతయి."

ప్రమోద స్విచ్చు దగ్గరికి పోబోయింది. మార్కండేయ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. మా అమ్మ ఉక్కకు ఓర్వదు. రేకుల ఇల్లు ఇది. చెల్లె బీర్కూరు నుంచి వచ్చేదాక ఫ్యాను తిరగవలసిందే."

"కండ్లు ఇస్తనన్నవ్ గద మరి," అంది ప్రమోద.

"ఇస్తనన్న. తీస్కోనియ్యి. గంతేగాని మా అమ్మను ఎండల మాడవెట్టి తీస్కొమ్మన్ననా? ఈగలు వాల్తున్నయ్. నీ తల్లయితె గిట్లనే బంద్ చేస్తువా?"

"నా తల్లి కంటె ఎక్కువనే చూస్కున్న! అడుగు ఈడున్నోళ్లను."

 ఒక ముసలాయన "కండ్లు లేవు, ఏం లేవు, పోండ్రి" అన్నాడు. నేను వెనక్కి తిరిగాను. ఇక వెళ్లిపోదామనుకున్నాను.

అప్పుడు యాదవ్వ గడప దాటింది. నేరుగా పోయి మార్కండేయ పక్కన నేల మీద కూర్చుంది.

"బిడ్డా, నీది తప్పు కాదు. నేను గూడ గిదే చేసిన."

అతను అర్థం కాక చూశాడు.

"నా పెనిమిటి హమాలి. ముప్పై ఏండ్లు ఇంట్ల ఫ్యాను ఎయ్యనియ్యలె నేను. బీడీలు చుడుత, తంబాకు లేస్తదని. సచ్చిన నాడన్న ఎయ్యవే అన్నడు. ఏస్తనన్న. పోయిన నాడు ఆయన నుదురు మీద చెమట ఇంక ఆరలే, బిడ్డా. ఊరూరు తిరిగి ఫ్యాను బంద్ చెయ్యుండ్రని చెప్పేదాన్ని, నేనే ఏసిన. ఐదు మీద పెట్టిన. మూడు గంటలు తిరిగింది. దూది ఎగిరిపోతున్నది, చూస్తున్న, మల్ల పెడ్తున్న, ఫ్యాను మాత్రం బంద్ చెయ్యబుద్ధి కాలె. బండి చప్పుడు ఇని బంద్ చేసిన."

యాదవ్వ చిన్నవ్వ నుదుటి మీద ఎగురుతున్న వెంట్రుకలు సర్దింది.

"ఇద్దరికి చూపు వచ్చిందని శాలువా కప్పిండ్రు నాకు. వచ్చిందో రాలేదో నాకు తెల్వది. యాడాదాయె. ఆయన యాడ చూస్తున్నడో తెల్వక దొరికినోని కండ్లల్లకల్ల చూసుకుంట తిరుగుతున్న. నీకు గట్ల కావద్దు. నీకు ఇయ్యబుద్ధి కాకుంటె ఇయ్యకు, ఫ్యాను తిరగనియ్యి, నీ తల్లిని సల్లగ సాగదోలు. ఇయ్యాలనుకుంటె బంద్ చెయ్యి. రెండు చేస్తనంటె మాత్రం నా లెక్కనే అయితది."

మార్కండేయ తల్లి ముఖం చూశాడు. తర్వాత తనే లేచి ఫ్యాను తీగ పీకేశాడు. పీకి, వైరు చేతిలో పట్టుకుని నిలబడి ఏడ్చాడు.

యాదవ్వ తడి దూది పెట్టింది. మూలనున్న విసనకర్ర తెచ్చి అతని చేతికిచ్చింది. "కాళ్ల దిక్కు కూసోని ఇసురు. మొకం దిక్కు గాలి పోనియ్యకు. నీ తల్లికి సల్లగనే ఉంటది." నిహారిక వచ్చేదాకా, దాదాపు రెండు గంటలు, ఆ కొడుకు తల్లి కాళ్లకు విసురుతూనే ఉన్నాడు. ప్రమోద కొంగుతో అతని వీపుకు విసిరింది.

తిరుగు దారిలో లింగంపేట దాటాక నేను వ్యాను పక్కకు ఆపాను. ఇక దాచలేకపోయాను.

"అక్కా, గా దినం నేను చూసిన. ఫ్యాను ఇంక తిరుగుతుండె."

ఆమె కిటికీలోంచి చూస్తూనే అంది. "నాకెర్క. నువ్వు పైకి చూసినవ్."

"మరి యాడాది నుంచి ఒక్క మాట అనకపోతివి?"

"నువ్వు అన్నవా?"

నేను తాళం చెవి తిప్పి ఇంజను బంద్ చేశాను.

"ఫ్యాను సంగతి తెల్సినోళ్లు ఒక్కలన్న చూసిండ్రని ధైర్యం ఉండె, తమ్మీ. ఎవ్వలు చూడకపోతె, ఏసిన్నో లేదో అని నాకే పిచ్చి లేస్తుండె. గందుకే గీ బండి ఇడువలె." నా వైపు తిరిగి, "గా ఉత్తరం వచ్చిందా?" అంది.

"వచ్చే ఉంటది. ఫైల్ల ఉంటది."

"గురువారం సదివిపియ్యాలె. అందరి ముంగట."

గురువారం చిన్నవ్వ ఫొటో బల్ల మీద ఉంది. ముందే చక్రధర్ సారును మెట్ల మీద ఆపి యాదవ్వ ఉత్తరం సంగతి అడిగింది. సారు ముఖం మారింది. ఆయనకు తెలుసని అప్పుడే అర్థమైంది నాకు.

"ఎందుకు యాదవ్వా ఇప్పుడు? నీ మనసు కష్టవడ్తదని లోపల పెట్టిన. మంచి పేరే వచ్చింది గదా."

"మంచి పేరు ఇంట్ల కూసోని నన్నే చూస్తున్నది సారూ. సదివియ్యుండ్రి."

కాలేజీలో పాఠాలు చెప్పే మెంబరు పద్మప్రియ మేడం ఆ కాగితం విప్పి, ఒక్కో ముక్క తెలుగు చేస్తూ చదివారు. లక్ష్మీరాజం కళ్లు అందాయి. కృతజ్ఞతలు. పైపొర ఆరిపోవడం వల్ల ఎవరికీ అమర్చడానికి పనికిరాలేదు. ఆపరేషన్ నేర్చుకునే డాక్టర్లకు సాధన కోసం ఇచ్చాం.

హాలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. యాదవ్వ స్టూలు మీంచి లేచింది.

"సాధన అంటె ఏంది మేడం?"

"కొత్త డాక్టర్లు ముందు వాటి మీద కోసి, కుట్టి నేర్చుకుంటరు యాదవ్వా. చెయ్యి తిరిగినంకనే బతికున్నోళ్ల కండ్లు ముట్టుకుంటరు."

"అంటె ఇద్దరు చూస్తలేరు."

"చూస్తలేరు."

"ఒక్కలు గూడ లేరు."

"లేరు యాదవ్వా."

ఆమె గోడకు ఆనుకుంది. అచ్చం లక్ష్మీరాజం ఆనుకున్నట్టే అనిపించింది నాకు. వేళ్లు కొంగు అంచును సన్నగా చుడుతున్నాయి. "నేను చెయ్యవట్టే గట్లయింది," అంది గట్టిగా, అందరికీ వినబడేట్టు. "ఫ్యాను నేను ఏసిన. ఇగ ఎవ్వలింటికి పోయినా గీ ముచ్చట చెప్పే అడుగుత. మీకు ఇష్టముంటె నన్ను పంపుండ్రి, లేకుంటె లేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చక్రధర్ సారు గంట చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేశారు. చిన్నవ్వ గురించి మాట్లాడేటప్పుడు, "ఆమె కండ్లతోని ఇద్దరు..." అని మొదలుపెట్టి ఆగారు. "చిన్నవ్వ కండ్లు ఇచ్చింది," అన్నారు. అంతే. ఇప్పటికీ అంతే అంటున్నారు.

మౌనం అన్నారు. యాదవ్వ మూడు స్విచ్చులూ నొక్కింది. నడిమి ఫ్యాను ఎప్పటిలాగే అన్నిటికంటే ఆలస్యంగా ఆగింది. ఆ రోజు నేనూ కళ్లు మూసుకోలేదు. ఇద్దరం చూశాం.

మీటింగు అయ్యాక కుర్చీలు సర్దుతూ అంది. "తమ్మీ, రేపు గీ ఫ్యాను ఇప్పి మా ఇంట్ల పెట్టు. క్లబ్బుకు సార్లు కొత్తది కొనుక్కుంటరు."

మర్నాడు మధ్యాహ్నం పోయి బిగించాను. ఈసారి ఆమె లోపలే ఉంది, స్టూలు పట్టుకుని. చాట, తంబాకు, తునికాకు అన్నీ మూట కట్టి మూలన పెట్టేసింది. గోడకు నల్లగా పడిన మచ్చ దగ్గర చాప పరిచి ఉంది. దాని మీద మడతపెట్టిన తువ్వాలు ఉంది.

స్విచ్చు ఆమే వేసింది. ఐదు మీద పెట్టింది. హాల్లో ఏడాదంతా కిర్రుమన్న ఫ్యాను అక్కడ కిక్కురుమనలేదు. తువ్వాలు అంచు లేచి, పడి, మళ్లీ లేచింది. గాలిలో పాత తంబాకు వాసన వచ్చింది.

ఆమె చాపకు కొంచెం దూరంగా, పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి కూర్చున్నట్టు కూర్చుంది. నన్ను చూడలేదు. గోడ వైపు తిరిగి అడిగింది.

"గిప్పుడు సల్లగున్నదా?"

నేను స్టూలు పక్కన పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాను.